దీపానికి తగ్గ డ్రైవరు

తదింగ్యుట్ పున్నమికి యాంగూన్ వాకిళ్ళలో దీపాలు వెలుగుతాయి. చాలా ఏళ్ళలో ఆ తర్వాత రెండు వారాలకే మన దీపావళి అమావాస్య వచ్చేస్తుంది. ఈ రెండు పండగల మధ్య మన తెలుగు ఇళ్ళలో ఇంటికో ఎలక్ట్రీషియన్ పుట్టుకొస్తాడు! ఒకరు బాల్కనీకి ఎల్‌ఈడీ స్ట్రిప్పు చుడతారు, ఇంకొకరు పూజగదికి దీపాల వరస కడతారు, మరొకరు పిల్లాడి చదువుబల్ల మీదకి బ్యాటరీ లైటు తయారు చేస్తారు. అందుకని ఈసారి మన శీర్షికలో సొంతంగా లైట్లు కట్టుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటి చెప్పుకుందాం. అదే లైటుకి తగ్గ డ్రైవరుని ఎంచుకోవడం.

ఇక్కడ పెరిగే మన పిల్లలు అందరికంటే ముందు నేర్చుకునే బర్మీస్ మాటల్లో "మీ లా బ్యీ!" ఒకటి. కరెంటొచ్చిందహో అని అర్థం. బర్మీస్‌లో "మీ" అంటే నిప్పు, దీపం, కరెంటు కూడా. ఈ కేక వీధంతా వినిపించడానికి పాత కారణమే ఉంది. ఈ దేశపు కరెంటులో పెద్ద భాగం నీళ్ళ మీద ఆధారపడింది. కయా రాష్ట్రంలోని లాపిత జలవిద్యుత్ కేంద్రం 1960లో మొదలై అక్కడినుంచి యాంగూన్ దాకా కరెంటు పంపింది. మార్చి నుంచి మే దాకా నీళ్ళు తగ్గుతాయి, వాడకం పెరుగుతుంది. దానికితోడు 2021 తర్వాత కోతలు బాగా పెరిగాయి. 2024 వేసవిలో చాలా పేటల్లో రోజుకి ఎనిమిది గంటలు కరెంటు ఉంటే గొప్ప అన్నట్టు గడిచింది. అలాంటి ఊళ్ళో బ్యాటరీ మీద వెలిగే లైటు సరదా వస్తువు కాదు. పిల్లల పరీక్షలు, పెద్దవాళ్ళు చీకట్లో మెట్లు దిగడం, వంటింట్లో పొయ్యి దగ్గర పని, అన్నీ దాని మీదే నడుస్తాయి.

అసలు డ్రైవరు అంటే ఏమిటి? పిల్లలూ, కారు నడిపే అంకుల్ కాదు! ఎల్‌ఈడీకి కావలసినంత విద్యుత్తుని కావలసిన పద్ధతిలో అందించే చిన్న సర్క్యూటు అన్నమాట. బజార్లో దొరికే మామూలు ఎల్‌ఈడీ బల్బులో అది హోల్డరు దగ్గరి భాగంలోనే దాగి ఉంటుంది. మన ఊళ్ళలో ఉజాలా పథకం కింద 2015 నుంచి పంచిన బల్బులు అందరికీ గుర్తుండే ఉంటాయి. వాటిల్లోనూ అంతే. బల్బుని, డ్రైవరుని కంపెనీవాళ్ళే జత చేసి పంపుతారు కాబట్టి మనకి ఆ బాధ లేదు. ఇంట్లో కట్టుకునేటప్పుడు లైటు ఒకచోట, డ్రైవరు ఇంకొకచోట కొంటాం. అప్పుడు ఆ రెంటికీ జాతకాలు కలపవలసిన బాధ్యత మనదే.

పాత ఫిలమెంటు బల్బుకి ఈ తంటా ఎందుకు లేదు? ఫిలమెంటు వేడెక్కినకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. అంటే తనని తానే అదుపు చేసుకుంటుంది. ఎల్‌ఈడీ అలా కాదు. తెల్లటి ఎల్‌ఈడీ ఒక్కటి వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి. దానికంటే బాగా తక్కువ ఇస్తే ఉలుకూ పలుకూ ఉండదు. కొంచెం ఎక్కువిస్తే మాత్రం గేటు తెరిచినట్టే! వోల్టేజి పదో వంతు వోల్టు పెరిగినా లోపల ప్రవాహం దానికి ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుంది. పైగా ఎల్‌ఈడీ వేడెక్కితే దానికి కావలసిన వోల్టేజి తగ్గుతుంది. అదే వోల్టేజి ఇస్తూ ఉంటే ప్రవాహం ఇంకా పెరిగి, వేడి ఇంకా పెరిగి, చివరికి ఎల్‌ఈడీ మాడిపోతుంది.

ఇక్కడ మాట గురించి చిన్న మాట. మనం ఇంట్లో "కరెంటు పోయింది" అన్నప్పుడు సరఫరా గురించి చెబుతాం. లెక్కల్లో కరెంటు అంటే ఆంపియర్లలో కొలిచే ప్రవాహం. గందరగోళం లేకుండా దాన్ని ఈ వ్యాసంలో "ప్రవాహం" అనే అందాం. ఎల్‌ఈడీకి వోల్టేజి కంటే ఈ ప్రవాహం ముఖ్యం. డ్రైవరు అసలు పని దాన్ని అదుపులో పెట్టడమే.

మార్కెట్లో దొరికే డ్రైవర్లు రెండు కులాలు. మొదటిది కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవరు. ఇది ప్రవాహాన్ని మార్చదు. లైటుకి ఎంత వోల్టేజి కావాలో దాని ప్రకారం తనే సర్దుకుంటుంది. లేబులు మీద "అవుట్‌పుట్: 30–42 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు" లాగా ఉంటుంది. వోల్టేజి దగ్గర రెండంకెలు, ప్రవాహం దగ్గర ఒకే అంకె కనబడితే అది ఈ కులం. సీలింగులో పెట్టే ప్యానెల్ లైట్లకీ, డౌన్‌లైట్లకీ ఇదే కావాలి.

రెండోది కాన్‌స్టంట్ వోల్టేజ్ డ్రైవరు. మామూలు అడాప్టరు లాంటిదే. "12 వోల్టులు, 5 ఆంపియర్లు" అని ఉంటే వోల్టేజి 12 దగ్గర నిలబడుతుంది, ప్రవాహం 5 ఆంపియర్లలోపు లైటు ఎంత లాక్కుంటే అంత. ఎల్‌ఈడీ స్ట్రిప్పులకి ఇది. మరి ప్రవాహాన్ని అదుపు చేసేది ఎవరు? స్ట్రిప్పుని దగ్గరగా చూడండి. మామూలు 12 వోల్టుల స్ట్రిప్పులో ప్రతి మూడు ఎల్‌ఈడీలకీ పక్కన చిన్న నల్లటి రెసిస్టరు కూర్చుని ఉంటుంది. కాపలా పని దానిదే. కత్తెర గుర్తు మూడేసి ఎల్‌ఈడీల దగ్గర ఉండటానికి కారణం కూడా ఇదే.

మా ఫ్రెండు ఒకాయన ఇంట్లో జరిగింది చెబుతాను. హాల్లో ప్యానెల్ లైటు డ్రైవరు పోయింది. కొట్టువాడు "పద్దెనిమిది వాట్ల లైటుకి పద్దెనిమిది వాట్ల డ్రైవరు, ఇంకేం చూడక్కర్లేదు" అని ఒకటి అంటగట్టాడు. బిగించాక లైటు మిణుకుమిణుకుమంటూ ఆరిపోవడం, వెలగడం! వాళ్ళావిడ ఫోను చేసి, "అన్నయ్యగారూ, కంప్యూటర్లు చూసే మీకు ఇది కూడా తెలిసే ఉంటుంది, ఓసారి రండి. పిల్లలు దాని కింద చదవలేకపోతున్నారు" అంది. వెళ్ళి పాత డ్రైవరు, కొత్త డ్రైవరు పక్కపక్కన పెట్టి చూశాం. పాతదాని మీద 30–42 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు. కొత్తదాని మీద 50–65 వోల్టులు, 300 మిల్లీ ఆంపియర్లు. ప్యానెల్లో 36 ఎల్‌ఈడీలు ఉన్నాయి, పన్నెండేసి చొప్పున మూడు వరసలు. పన్నెండు మూళ్ళు ముప్పై ఆరు వోల్టులు. 36 వోల్టులని 0.5 ఆంపియర్లతో గుణిస్తే 18 వాట్లు. కొత్త డ్రైవరుది 60 ఇంటూ 0.3, అదీ 18 వాట్లే! వాట్లు కలిశాయి, జాతకాలు కలవలేదు. కొత్త డ్రైవరు కనీసం 50 వోల్టుల లైటు కోసం చూస్తోంది. అవతల 36 దగ్గరే లైటు పట్టుకుంటోంది. షార్టు అయిందేమో అనుకుని డ్రైవరు ఆగిపోతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది, మళ్ళీ ఆగిపోతుంది. ఆ మిణుకు అదే. సరైన అంకెలున్న డ్రైవరు తెచ్చి పెడితే ఆ రాత్రే పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు.

కాబట్టి కొట్టుకి వెళ్ళేటప్పుడు ఈ వరసలో చూడండి. ముందుగా కులం: లైటుకి కావలసింది స్థిరమైన ప్రవాహమా, స్థిరమైన వోల్టేజా? ప్రవాహమైతే మిల్లీ ఆంపియర్ల అంకె లైటుకి రాసినంతే ఉండాలి. కాస్త తక్కువైనా పరవాలేదు, వెలుగు కొంచెం తగ్గి ఆయుష్షు పెరుగుతుంది. ఎక్కువ మాత్రం వద్దు. తర్వాత లైటు వోల్టేజి డ్రైవరు చూపించే రెండంకెల మధ్యలో పడాలి. వాట్లు ఆఖర్న సరిచూసుకోవడానికే. స్థిరమైన వోల్టేజి లైటైతే లెక్క తిరగబడుతుంది. వోల్టేజి సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు మాత్రం కావలసినదానికంటే ఎక్కువ ఉంటేనే మంచిది. మీటరుకి 14.4 వాట్ల స్ట్రిప్పు 5 మీటర్లు వాడితే మొత్తం 72 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. అడాప్టరుని దాని శక్తిలో ఎనభై శాతం మించి పనిచేయించకూడదనుకుంటే 90 వాట్లది తెచ్చుకోవాలి. యాంగూన్ ఏప్రిల్ ఎండల్లో ఫాల్స్ సీలింగు లోపల ఇరుక్కున్న డ్రైవరుకి ఆ మాత్రం ఊపిరి ఇవ్వకపోతే లోపలి కెపాసిటరు తొందరగా ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటరు ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఓ మోటు లెక్క.

ఇక అసలు సంగతి, బ్యాటరీ దగ్గరికొద్దాం. "12 వోల్టుల స్ట్రిప్పు, 12 వోల్టుల బ్యాటరీ, ఇంకేం కావాలి?" అని చాలామంది నేరుగా కలిపేస్తారు. కానీ 12 వోల్టుల బ్యాటరీ అనేది పేరు మాత్రమే. ఛార్జి అవుతున్నప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ దగ్గర 14.4 వోల్టులు ఉండవచ్చు. బాగా వాడేశాక 10.5కి దిగుతుంది. ఇప్పుడు స్ట్రిప్పులో ఒక ముక్క తీసుకుని లెక్క వేద్దాం. మూడు ఎల్‌ఈడీలకి సుమారు 9.3 వోల్టులు పోతాయి, మిగిలింది రెసిస్టరు మీద పడుతుంది. రెసిస్టరు 150 ఓములనుకుందాం. 12 వోల్టుల దగ్గర మిగిలేది 2.7 వోల్టులు, ప్రవాహం 18 మిల్లీ ఆంపియర్లు. బాగానే ఉంది. 14.4 దగ్గర మిగిలేది 5.1 వోల్టులు, ప్రవాహం 34 మిల్లీ ఆంపియర్లు, దాదాపు రెట్టింపు! రెసిస్టరులో వేడి మూడున్నర రెట్లు. 10.5 దగ్గర 8 మిల్లీ ఆంపియర్లే, లైటు దిగాలుగా వెలుగుతుంది. అంటే కరెంటున్న గంటల్లో ఛార్జి అవుతూ స్ట్రిప్పు కాలుతుంది, లేని గంటల్లో అవసరమైనప్పుడు మసకబారుతుంది. దీనికి మందు తేలికే. మధ్యలో 12 వోల్టులు స్థిరంగా ఇచ్చే బక్-బూస్ట్ మాడ్యూలు ఒకటి పెడితే బ్యాటరీ ఎగుడుదిగుళ్ళు లైటుకి తెలియవు.

చదువుబల్ల లైటుకైతే ఇంకా మంచి దారి ఉంది. ఒక్కో వాటు ఎల్‌ఈడీలు మూడింటిని వరసగా కలిపి అల్యూమినియం పలక మీద బిగించి, 300 మిల్లీ ఆంపియర్ల బక్ డ్రైవరు ద్వారా బ్యాటరీకి కలపండి. వరసకి 9.3 వోల్టులు, బ్యాటరీ దానికంటే పైనే ఉంటుంది కాబట్టి డ్రైవరుకి పని సులువు. లైటు తీసుకునేది 2.8 వాట్లు, డ్రైవరు తినేది కలిపి 3.3 అనుకుందాం. చిన్న 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీ పాడవకుండా సగమే వాడినా పన్నెండు గంటలు వెలుగుతుంది. అదే బ్యాటరీకి ఆ 72 వాట్ల స్ట్రిప్పు తగిలిస్తే అరగంట నిలవడమే కష్టం. పండగ అలంకారానికి స్ట్రిప్పు, కోత గంటలకి ఈ చిన్న లైటు. రెండూ వేరువేరుగా ఉంచుకుంటే దీపావళి మర్నాడు పిల్లలు చీకట్లో కూర్చోనక్కర్లేదు.

వైరు సంగతీ మరువకండి. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ 5 మీటర్లు లాగితే రానూపోనూ 10 మీటర్లు. అందులో 6 ఆంపియర్లు పారితే దాదాపు 1 వోల్టు దారిలోనే పోతుంది. స్ట్రిప్పు దగ్గరికి 11 వోల్టులే చేరి వెలుగు మూడోవంతుకి పైగా తగ్గుతుంది. లావు వైరు వాడండి, లేదా అలంకారానికి 24 వోల్టుల స్ట్రిప్పు, దానికి తగ్గ అడాప్టరు కొనండి. అదే వెలుగుకి ప్రవాహం సగమే కాబట్టి దారిలో పోయే వోల్టేజీ సగమే.

ఇప్పుడు అమ్మానాన్నలు జాగ్రత్తగా చదవవలసిన భాగం. చవక డ్రైవర్లలో కొన్నింటికి లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. వాటిని నాన్-ఐసొలేటెడ్ అంటారు. "అవుట్‌పుట్ 36 వోల్టులే కదా" అని ఆ తీగ ముట్టుకుంటే వీధిలోని 230 వోల్టులనే ముట్టుకున్నట్టు! బయటికి కనబడే ఎల్‌ఈడీలు, పిల్లల చేతికందే లోహపు పలకలు, తడిసే బాల్కనీలు ఉన్నచోట ఐసొలేటెడ్ అని స్పష్టంగా రాసి ఉన్న డ్రైవరే వాడాలి. లేబులే లేని డ్రైవరు ఎంత చవకైనా ఇంటికి తేకండి. వాన పడేచోట ఐపి 65 లేదా 67 రేటింగున్నది తీసుకోండి. బ్యాటరీ 12 వోల్టులదే కదా అని తేలిగ్గా చూడకండి. దాని తీగలు ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్లు పారి వైరు ఎర్రగా కాలుతుంది. అందుకే బ్యాటరీ ప్లస్ తీగ మీద, బ్యాటరీకి ఆనుకునే, ఫ్యూజు ఉండాలి. కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవరుకి ముందు లైటు కలిపి, ఆ తర్వాతే స్విచ్చి వెయ్యాలి. ఖాళీగా ఆన్ చేసిన డ్రైవరు తన గరిష్ఠ వోల్టేజికి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు లైటు తగిలిస్తే ఒక్క దెబ్బకి పోవచ్చు. ఇక 230 వోల్టుల వైపు పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

పిల్లలూ, మీకో చిన్న ప్రయోగం. 9 వోల్టుల చిన్న బ్యాటరీ, 470 ఓముల రెసిస్టరు, అయిదు ఎర్ర ఎల్‌ఈడీలు అమ్మానాన్నలని అడిగి తెచ్చుకోండి. ఎర్ర ఎల్‌ఈడీకి ఒక్కోదానికి 2 వోల్టులు చాలు. రెసిస్టరుని మధ్యలోంచి తీయకుండా ముందు ఒకటి వెలిగించండి. 9లోంచి 2 తీస్తే 7. 7ని 470తో భాగిస్తే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. తర్వాత వరసలో రెండోది, మూడోది, నాలుగోది కలుపుతూ వెళ్ళండి. వెలుగు ఎలా తగ్గుతోందో, లెక్క ఎలా తగ్గుతోందో పక్కపక్కన రాసుకోండి. అయిదోది కలిపితే ఏమవుతుందో వెలిగించకముందే చెప్పగలిగితే మీకు డ్రైవరు సంగతి అర్థమైనట్టే! ఇంకో మాట, మీ లైటులో తెల్లటి వెలుగుకి మూలం నీలం ఎల్‌ఈడీ. దాన్ని సాధించినందుకే అకసాకి, అమనో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మేం రోజూ ఆఫీసులో చేసేది ఒక యంత్రం మాట ఇంకో యంత్రానికి అర్థమయ్యేలా చూడటమే. ఇక్కడా అంతే. లేబులు మీది రెండు అంకెలు చదివే ఓపిక ఉంటే చాలు. ఈ పండగకి మీ ఇంట్లో పాత డ్రైవర్లు, అడాప్టర్లు ఉన్న అట్టపెట్టె ఒకసారి బయటికి తీయండి. ఒక్కోదాని మీదున్న అంకెలు పిల్లల చేత చదివించి, ఏది ఏ లైటుకి తగినదో స్టిక్కరు మీద రాయించి అతికించండి. ఈసారి కరెంటు పోయినప్పుడు చీకట్లో వెతుక్కోవలసిన పని ఉండదు.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు. వచ్చే సంచికలో ఇంటి బ్యాటరీల గురించి మాట్లాడుకుందాం.